ఏది నొక్కమంటారు?

వీడియో గేము అనగానే మీలో పెద్దవారు ముఖము చిట్లిస్తారని మాకు తెలుసు. మేమూ అలా చిట్లించినవారమే. 2025 జూన్ నెలలో, బాపట్లలో చదువుకుంటున్న మా అబ్బాయి సెలవులకు తెనాలి వచ్చినప్పుడు, బట్టల సంచి కంటె ముందు లాప్‌టాప్ తీసి వరండాలో పెట్టుకున్నాడు. రాత్రి భోజనాలయ్యాక ఒకటే టకటకలు. "ఏమిట్రా అది?" అంటే, "లైస్ ఆఫ్ పి నాన్నా, పినోకియో కథే" అన్నాడు.

పినోకియో మీకు తెలిసే ఉంటాడు. అబద్ధమాడితే ముక్కు పొడవయ్యే కొయ్యబొమ్మ. 1883లో ఇటలీ రచయిత కార్లో కొల్లోడి పుస్తకముగా తెచ్చిన కథ. దక్షిణ కొరియాకు చెందిన నియోవిజ్ కంపెనీవారు దానిని ఆధారము చేసుకొని 2023లో ఈ గేము తెచ్చారు. అందులో క్రాట్ అనే పట్టణము. బొగ్గు ఇంజన్ల నాటి కోట్లు, టోపీలు, వీధిదీపాలు. వాటి నడుమ పళ్ళచక్రాలతో, స్ప్రింగులతో నడిచే బొమ్మ మనుషులు. ఈ తీరును స్టీమ్‌పంక్ అంటారట. మా ఊరివారికి ఇది అంత వింత కాదు. తెనాలి సూర్య శిల్పశాలలో తండ్రీకొడుకులు తుక్కు ఇనుముతో నిలువెత్తు బొమ్మలు నిలబెడుతున్నారు. 75,000 నట్లతో 10 అడుగుల గాంధీగారిని చేశారు. అటువంటి బొమ్మలన్నీ ఒకనాడు పిచ్చెత్తి మనుషుల మీద పడితే ఎలా ఉంటుందో, క్రాట్ అలా ఉన్నది. రక్తపాతము ఎక్కువే. అమెరికాలో 17 ఏండ్లు నిండినవారికి మాత్రమే అని ముద్ర వేశారు. మావాడికి 18 నిండాయి గనుక ఊరకున్నాము.

పోరాటము బహు కష్టము. ఎదుటివాడి దెబ్బ తగిలే క్షణములోనే కత్తి అడ్డుపెట్టాలి. ముందు పెట్టినా, వెనుక పెట్టినా ఒళ్ళు హూనమే. సరిగ్గా కాచుకుంటూ పోతే వాడి ఆయుధమే విరుగుతుంది. కొట్టేకొద్దీ మన కత్తి మొద్దుబారుతుంది, సానపట్టుకోవాలి. ఒక కత్తి పిడి తీసి మరొకదాని అలుగుకు బిగించుకోవచ్చు. (కొడవళ్ళకు పిడులు వేసుకునే మనకు ఈ సంగతి నచ్చుతుంది.) ఎర్గో అని ఒకటున్నది, అక్కడ డబ్బూ అదే, బలమూ అదే. చచ్చిపోతే అది పడినచోటే ఉండిపోతుంది; వెళ్ళి తెచ్చుకునేలోగా మళ్ళీ చస్తే ఇక దక్కదు. పెరేడ్ మాస్టర్ అనే భారీ బొమ్మ చేతిలో మావాడు ఒక్క సాయంత్రములో 19 సార్లు చచ్చాడు. లెక్కపెట్టినది మేమే. ఆట సులువు చేసుకునే ఏర్పాటు ఆ నెలలోనే వచ్చినదట, వాడు ముట్టలేదు.

అక్కడి బొమ్మలకు నాలుగు కట్టడలు. అబద్ధమాడకూడదన్నది నాలుగవది. పి అనే మన బొమ్మ మాత్రము ఆడగలడు. ఒక రాత్రి వాడు మమ్మల్ని పిలిచాడు. కిటికీ వెనుక ఒక తల్లి. ఆ పట్టణములో ఒళ్ళు రాయిలా మారిపోయే జబ్బు. తన బిడ్డను వెదకి తెమ్మని ఏడ్చినది. వీడు వెదికితే దొరికినది విరిగిపోయిన బొమ్మ పాప. అదే తెచ్చి ఇచ్చాడు. తెర మీద రెండు జవాబులు: పాప ముద్దుగా ఉన్నది అనవచ్చు, ఇది బొమ్మ అనవచ్చు.

"ఏది నొక్కమంటారు?" అన్నాడు.

మాకు నోట మాట రాలేదు. 2021 మే నెలలో, కరోనా రెండవ విడతలో, పిల్లల బాబాయి గుంటూరు ఆసుపత్రిలో కన్నుమూశాడు. రేపల్లెలో నాయనమ్మ అప్పటికే జ్వరముతో మంచము మీద ఉన్నది. చెబితే ఆవిడా దక్కదని అనుకున్నాము. 11 దినాలు దాచాము. మేము మాట్లాడితే గొంతు వణుకుతుందని ఫోను 14 ఏండ్ల పిల్లవాడి చేతికి ఇచ్చాము. "బాబాయి ఇడ్లీ తిన్నాడు నాయనమ్మా" అని చెప్పేవాడు. ఇడ్లీ సంగతి మేము నేర్పినది కాదు. పన్నెండవనాడు చెప్పాము. ఆవిడ ఏడవలేదు, గోడవైపు తిరిగి పడుకున్నది. తరువాత ఆ మాట మా ఇంట ఎవరూ ఎత్తలేదు. ఐగుప్తులో మగబిడ్డలను కాపాడిన మంత్రసానుల సంగతి తలచుకొని మేము సమాధానపడ్డాము. కాని వారు తమ నోటితోనే అబద్ధమాడారు. మేము బిడ్డ నోట పలికించాము.

వాడు మా ముఖాలు చూసి, ముద్దుగా ఉన్నదని నొక్కాడు. ఆ తల్లి సంతోషించి పాటల రికార్డు ఒకటి ఇచ్చినది. ఇటువంటి అబద్ధాలు చెప్పేకొద్దీ బొమ్మ మనిషవుతుందట. అది ఆట చెప్పే మాట, మాకు మింగుడుపడలేదు. "ఆనాడు నీ చేత అలా చెప్పించి ఉండకూడదురా" అన్నాము. ఈ మాట అనడానికి మాకు నాలుగేండ్లు పట్టినది.

"ఇడ్లీ అని ఎందుకన్నానో నాకే తెలియదు" అన్నాడు వాడు.

ఆదివారము మధ్యాహ్నము రేపల్లె బండి ఎక్కాము. వాడు నాయనమ్మ పక్కన కూర్చుని, క్రాట్ వీధులు చూపించి, ఆ తల్లి కథ అంతా చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకొని చూసినది.

"ముద్దుగా ఉన్నదని చెప్పావా?"

"చెప్పాను నాయనమ్మా."

"పోనీలే. ఆవిడకు అప్పుడే తెలిసి ఉంటుంది" అన్నది. కాసేపాగి, "ఇడ్లీ పిండి రుబ్బి ఉంచాను, రాత్రికి ఉండి పొద్దున తిని వెళ్ళండి" అన్నది.