ఏ గడప తొక్కాలి?

2018 శ్రావణం. కరీంనగర్‌లో ఆసుపత్రి మెట్ల మీద మా మరదలు ఒక కాగితం పట్టుకుని కూర్చుంది.

"వదినా, సంతకం ఎక్కడ పెట్టాల్నో జర చూసి చెప్పవా" అంది.

లోపల మా తమ్ముడు. కుడికాలు మోకాలి కింద తీసేసి అప్పటికి పన్నెండు రోజులు.

వాడు గనుల్లో పనిచేసే ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రైవరు. తెల్లవారుజామున కూలీలను షిఫ్టుకు తీసుకురావడానికి జీపు వేసుకుని మంథని రోడ్డు మీద పోతుంటే, ఎదురుగా వచ్చిన లారీ తన పక్క వదిలేసి వీడి మీదికొచ్చింది. వాడికి అప్పుడు ముప్పై ఐదేళ్లు. జీతం పద్నాలుగు వేలు.

ఆ కాగితం కాంట్రాక్టరు మనిషి తెచ్చింది. కార్మిక నష్టపరిహారం కోసం లేబర్ డిపార్ట్‌మెంట్‌కు పెట్టే దరఖాస్తు. "ఇది పెడితే పైసలు జల్ది వస్తయి" అన్నాడట. అతను చెడ్డవాడని నేననను. పాపం, పండ్లు కూడా పట్టుకొచ్చాడు. కానీ చదవకుండా సంతకం పెట్టడానికి నాకు మనసొప్పలేదు. "రెండు రోజులాగు" అని కాగితం బ్యాగులో పెట్టుకుని సెంటినరీ కాలనీకి వచ్చేశాను.

కాలనీలో తలా ఒక మాట. "సింగరేణిల 51 వంతులు రాష్ట్రానివి, 49 వంతులు కేంద్రానివి. మరి కేసు స్టేట్ కోర్టుకా, సెంట్రల్ కోర్టుకా?" అని ఒకాయన. "లారీ మహారాష్ట్రది, చంద్రపూర్ కోర్టుకు పోవాలె" అని ఇంకొకాయన. పక్కింటి అక్క మాత్రం గోదావరిఖని లేబర్ కోర్టే అని గట్టిగా చెప్పింది.

మావారితో కలిసి గోదావరిఖనిలో ఒక వకీలు దగ్గరికి పోయాను. స్టేట్, సెంట్రల్ మాట వినగానే ఆయన నవ్వారు. "అట్ల రెండు తీర్ల కోర్టులు అమెరికాల ఉంటయమ్మా" అన్నారు. అక్కడ ఇలాంటి కేసులు మామూలుగా రాష్ట్ర కోర్టులోనే నడుస్తాయట. రెండు పక్షాలూ వేరువేరు రాష్ట్రాల వాళ్లై, అడిగే సొమ్ము 75,000 డాలర్లు దాటితే ఫెడరల్ కోర్టుకు కూడా పోవచ్చట. మన దగ్గర లారీ ఏ రాష్ట్రానిదైనా, ప్రమాదం జరిగిన చోటైనా మనం ఉండే చోటైనా మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేసుకోవచ్చు. చంద్రపూర్ భయం అక్కడితో తీరింది. లేబర్ కోర్టుకూ దీనికీ సంబంధం లేదని కూడా తేలింది.

అసలు చిక్కు వేరే ఉంది. వాడు డ్యూటీలో ఉన్నాడు, పైగా ప్రమాదం బండ్ల వల్ల జరిగింది. కాబట్టి రెండు గడపలున్నాయి. ఒకటి అప్పటికి అమల్లో ఉన్న 1923 నాటి చట్టం కింద కార్మిక నష్టపరిహారం కమిషనర్. రెండోది మోటారు ట్రిబ్యునల్. మోటారు వాహనాల చట్టం 167వ సెక్షన్ ప్రకారం ఏదో ఒకటే ఎంచుకోవాలి. రెండూ కుదరవు.

నేను బీఏ తెలుగు. వ్యాకరణంలో వికల్పం అంటే ఇలాగైనా అనవచ్చు, అలాగైనా అనవచ్చు. ఇవాళ ఒకలా రాసి రేపు ఇంకోలా రాసినా తప్పు లేదు. ఈ వికల్పం అలాంటిది కాదు. ఒకసారి సంతకం పెడితే రెండో తలుపు మూసుకుపోతుంది.

వకీలు కాగితం మీద లెక్క వేసి చూపించారు. కమిషనర్ దగ్గర తప్పెవరిదని అడగరు. డ్యూటీలో దెబ్బ తగిలితే చాలు. 1975లో సుప్రీంకోర్టు ఎడమ చెయ్యి పోయిన ఒక వడ్రంగికి పని మొత్తం పోయినట్టే లెక్కగట్టింది, మనవాడూ డ్రైవరే కనుక అలా అడగవచ్చన్నారు. కానీ జీతం ఎంతున్నా అప్పటికి 8,000 వరకే లెక్క. అందులో 60 శాతం 4,800. ముప్పై ఐదేళ్ల వయసుకు చట్టం చెప్పిన 197.06తో గుణిస్తే 9,45,888 రూపాయలు.

ట్రిబ్యునల్‌లో ఆ పరిమితి లేదు. పద్నాలుగు వేల చొప్పున ఏడాదికి 1,68,000. ఆ వయసుకు 16తో గుణిస్తే 26,88,000. కృత్రిమ కాలు ఖర్చు, బాధకు ఇచ్చేది వేరే. అయితే లారీవాడిదే తప్పని రుజువు కావాలి. వీడి తప్పు కొంత ఉందని తేలితే అంత కోత పడుతుంది. పైగా వీడికి జీతం చేతికే ఇచ్చేవాళ్లు, చీటీ లేదు. ఏళ్లు పట్టవచ్చు కూడా.

ఇంటికొచ్చి తెల్లకాగితం మీద రెండు గీతలు గీసి, ఒకవైపు ఇది, ఒకవైపు అది రాశాను. ఆసుపత్రికి పట్టుకెళ్లి తమ్ముడికి చదివి వినిపించాను. వాడు చాలాసేపు పైన తిరిగే ఫ్యాను చూస్తూ పడుకున్నాడు.

"లారీ నా దిక్కు వచ్చిందక్కా. నా తప్పు లేదు. ఆ మాట ఎవరన్న రాసియ్యాలె" అన్నాడు.

అలా ట్రిబ్యునల్‌కే పోయాం. తీర్పు 2022లో వచ్చింది. చీటీ లేనందుకు జీతం పదివేలుగానే పట్టుకున్నారు. వైకల్యంలో కొంత తగ్గించారు. అన్నీ కలిపి పద్దెనిమిది లక్షల పైచిలుకు. అందులో కొంత బ్యాంకులో డిపాజిట్ చేయించారు. తప్పు పూర్తిగా లారీ డ్రైవరుదే అని రాశారు. ఆ పేజీ జిరాక్సు తమ్ముడు బీరువాలో దాచుకున్నాడు.

కానీ మధ్యలో నాలుగేళ్లున్నాయి కదా. మరదలి పుస్తెలతాడు కుదువకు పోయింది. పిల్లవాడు ప్రైవేటు బడి మానేశాడు. ఒక రాత్రి మిషను కుడుతూ తలెత్తకుండానే అంది: "వదినా, ఆ దినం నువ్వు ఆపకుంటే మంచిగుండేనేమో." నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ కాగితం తప్పని నేననుకోవడం లేదు. సాక్షులు లేని ఇంటికి, రేపటికి బియ్యం లేని ఇంటికి కమిషనర్ గడపే మేలు కావచ్చు. అయితే రెండో తలుపు ఉందని తెలిశాక ఎంచుకోవడం వేరు, తెలియక ఒకటి పోగొట్టుకోవడం వేరు.

గనుల ఊళ్లల్లో మన మగవాళ్లు తెల్లారకముందే బండ్లెక్కుతారు. ఇలాంటి కాగితం ఎవరి చేతికైనా రావచ్చు. వస్తే ఒక్క ప్రశ్న అడగండి: "ఇది పెడితే ఇంకేది పోతుంది?" జవాబు దొరికేదాకా సంతకం ఆపండి. అలాగని నెలలు గడపొద్దు. 2022 ఏప్రిల్ నుంచి మోటారు కేసులకు ఆరు నెలల గడువు చట్టంలోకి వచ్చింది.

తాడు మొన్న సంక్రాంతికి విడిపించాం. మరదలు మెడలో వేసుకుని అద్దంలో చూసుకుంది. ఏమీ అనలేదు. నాకు మాత్రం రెండు కప్పుల చాయ్ పోసింది.