చెన్నపురి నుండి భాగ్యనగరమునకు

ఇల్లు విడిచి దూరప్రాంతమునకు పోవువారు తమ సామానును మూడు తెగలుగా విభజింతురు: కొనిపోవలసినవి, ఇతరులకు ఈయవలసినవి, అమ్మివేయవలసినవి. ఈ మూడింటిలో దేనికిని లొంగక గృహస్థుని చిత్తమును పరీక్షించు వస్తువొకటి ప్రతి యింటను ఉండకపోదు. ఒకరింట అది తాతగారి వీణ. మరొకరింట తాళపత్రముల పెట్టె. మా యింట అది ఇద్దరు మాత్రమే కూర్చుండదగిన ఒక పందెపు మోటారు కారు.

1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు చెన్నపురి మనకు దక్కలేదు. ఆ సంవత్సరముననే మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు వెలసినది. ఈ రెండింటికి సంబంధమేమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. మా మేనమామగారికి మాత్రము సంబంధము కలదు. బంధువులలో కొందరు కర్నూలు దారి పట్టగా, ఆయన షోలవరము దారి పట్టి పట్టణమును విడువకుండుటకు ఆ పందెములే కారణమని చెప్పుచుండెడివారు. తరువాత చలనచిత్ర పరిశ్రమయు క్రమముగా హైదరాబాదు చేరినది. త్యాగరాయనగరములో మా వీధియందు తెలుగు మాట పలుచబడినది. మేము మాత్రము 2024 వేసవి వరకు కదలలేదు.

కారు ఎమ్.జి. టి.సి. ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారమున 1945 మొదలు 1949 వరకు ఇట్టివి సుమారు పదివేలు తయారైనవి. నాలుగు సిలిండర్లు, 1250 సి.సి., 54 అశ్వశక్తి. నేటి చిన్న కారునకును ఇంతకు మించిన బలము కలదు. పందొమ్మిది అంగుళముల సన్నని చువ్వల చక్రములు. పైని ఇనుప రేకు ఉన్నను, లోని చట్రము కొయ్యది. అమెరికాకు పోయిన బండ్లకును చుక్కాని కుడివైపుననే ఉండెడిదట. మన వీధులకు అది వేరుగా చెప్పనక్కరలేని సౌకర్యము. 1958లో స్వదేశమునకు మరలిపోవు ఒక ఆంగ్లేయుని వద్ద మామగారు దీనిని కొనిరి. విదేశపు కార్ల దిగుమతిపై కట్టుబాట్లు బిగిసిన కాలమది. పోయిన భాగమునకు మారుభాగము కావలెనన్న మౌంటు రోడ్డు వెనుక సందులలోని పనివారిచేత చేయించుకొనవలసినదే.

షోలవరమునందలి ఆ పందెపుబాట రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానముల దారి. విమానములు పోయిన పిదప కార్లు వచ్చినవి. గోండల్ మహారాజు వంటివారు ఖరీదైన యంత్రములతో వచ్చు ఆ చోటికి మామగారు టిఫిను డబ్బాతోను, అత్తయ్యతోను పోవుచుండిరి. ఆయన ఎన్నడును ప్రథమ బహుమతి పొందలేదు. ఒకమారు మూడవవారుగా వచ్చినట్లు చెప్పెడివారు. ఆ పందెమున ఎందరు పాల్గొనిరని మేమెవ్వరము అడుగలేదు. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో క్రొత్త పందెపుబాట వచ్చుటతో షోలవరపు సందడి సద్దుమణిగినది. మామగారు గతించిన తరువాత బండి మా వాకిటకు చేరినది.

ఇట్టిదానిని హైదరాబాదు చేర్చుటెట్లు? "అమ్మేయండి నాన్నా, అక్కడ పెట్టడానికి చోటెక్కడ?" అని మా కుమారుడు ఫోనులో అనెను. ఎనుబదియారేండ్ల అత్తయ్య ఏమియు అనక కారుపై దుప్పటిని సరిచేసి లోనికి పోయెను. అమ్ముమాట అంతటితో ఆగినది.

నడుపుకొని పోవలెనన్న ఆరువందల కిలోమీటర్లకు పైబడిన దారి, వేసవి యెండ. రైలు విషయమై విచారించితిని. నేడు కార్లను మోయునవి ఎక్కువగా వయసు చెల్లిన ప్రయాణికుల పెట్టెలే. కిటికీలు మూసివేసి, కొనలయందు తలుపులు పెట్టి, వానిని మార్చుదురు. మనుషులు ఊరు విడిచి ఊరు పోయిన పెట్టెలలో కార్లు పోవుట నాకు నచ్చినది. కాని అవి కర్మాగారముల కొరకు వందలకొలది కార్లతో నడచు బండ్లు; ఒంటికారునకు అందు చోటులేదు.

మిగిలినది లారీ. ఇందు నేనెరుగని చిక్కొకటి ఎదురైనది. కార్ల లారీలలో అనేకము రెండు ఇనుప బాటలతో నుండును. నేటి కార్ల చక్రముల మధ్య ఎడమునకు తగినట్లు ఆ బాటలు అమర్చబడినవి. మా బండి చక్రముల ఎడము నలుబదియైదు అంగుళములే. దానిని వానిపై నెక్కించిన చక్రములు నడిమి సందున దిగబడును. కావున చదునైన నేలగల మూతలారీని వెదకి కుదుర్చుకొంటిమి. ఉభయులము అంగీకరించిన విలువకు ప్రయాణపు బీమా చేయించితిని. పెట్రోలు కొద్దిగ మాత్రము ఉంచి తక్కినది తీసివేసి, బ్యాటరీ తీగలు విప్పి, నలువైపుల ఛాయాచిత్రములు తీయించితిని. చువ్వల మధ్యగా పట్టీ దూర్చి బిగించిన చక్రము వంగిపోవును. డ్రైవరు నెల్లూరు మండలమువాడు; చెప్పకమునుపే పట్టీలను టైర్లపైగా వేసి, చక్రముల ముందు వెనుకల కొయ్యదుంగలు కొట్టెను. "పెళ్లికూతుర్ని పంపినట్టు పంపుతున్నారు సార్, నేను చూసుకుంటా గదా!" అనెను.

లారీ బయలుదేరిన దారి ఎర్రకొండల మీదుగ షోలవరము ప్రక్కనే పోవునని నాకు అప్పుడు తట్టినది. మామగారు ప్రతి ఫిబ్రవరియందును నడిపిన దారియే అది. ఈమారు బండి కటికచీకటిలో కట్టబడి ఆ చోటు దాటిపోయినది. గుమ్మిడిపూండి, తడ, సూళ్లూరుపేట దాటి నెల్లూరు చేరగనే, బాడుగ కుదిర్చిన దళారి ఫోను చేసి మరికొంత సొమ్ము ఈయనిదే లారీ కదలదనెను. వ్రాసుకొన్న కాగితము చూపినను వినలేదు. ఒక రాత్రి నిద్రలేదు. తుదకు డ్రైవరే, "ఆయనతో మీరు తర్వాత మాట్లాడుకోండి సార్, ముసలి బండిని ఎండలో నిలపను" అని ఒంగోలు, అద్దంకి మీదుగ సాగిపోయెను. సొమ్ము గూర్చిన తగవు నేటికిని తెగలేదు.

ఇంతకంటె క్లిష్టమైనది నంబరు సంగతి. అన్యరాష్ట్రమునకు పోయి పండ్రెండు మాసములకు మించి నిలిచిన వాహనమునకు అచ్చటి నంబరు పొందవలెను. తెలంగాణమున 2024 మార్చి నుండి అది టి.జి. అను అక్షరములతో నుండును. అట్లు చేసినచో బండిని యథేచ్ఛగ నడుపుకొనవచ్చును. వేరొక మార్గమును కలదు. ఏబదియేండ్లు దాటి, రూపుమారని వాహనములను ప్రాచీనవాహనములుగ నమోదు చేయుటకు 2021లో కేంద్రప్రభుత్వము నియమములు చేసినది. అందు పాత నంబరు నిలుపుకొనవచ్చును; కాని నిత్యవ్యవహారమునకు వాడరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతునకు, ఇంధనమునకు మాత్రమే వీధికెక్కవలెను.

నడుపుటయా, నంబరా? నేను నడుపుటవైపు మొగ్గితిని. నిలిచియున్న యంత్రము తుప్పునకు ఆహారమగుననుట అనుభవము. అత్తయ్య ఒక్క మాట అనెను: "నంబరు మారిస్తే అది మీ మామ కారు కాదురా, ఎవరిదో కారు." మద్రాసు రాష్ట్రపు పేరు 1969లో మారినది, పట్టణపు పేరు 1996లో మారినది, ఆ రెండింటిని తాకకుండ నిలిచిన అక్షరములు ఆ పలకపై ఉన్నవి. దరఖాస్తు ఆమె కోరినట్లే పెట్టితిమి.

బండి దిగినపుడు కొయ్యచట్రము ఒకచోట కిఱ్ఱుమనుట తప్ప వేరు లోపము కానరాలేదు. బ్యాటరీ తగిలించి తాళము త్రిప్పగనే పెట్రోలు పంపు టిక్కుటిక్కుమని కొట్టుకొనెను. అత్తయ్య మెట్లపైనుండి దిగివచ్చి ఎడమవైపు తలుపు తెరచి, తనకు తానే కూర్చుండెను.

ఇంధనము కొరకు వీధికి పోవచ్చును గదా! మా యింటి ప్రక్కనే ఒక బంకు కలదు. అచ్చటి పెట్రోలు మంచిది కాదని, అవతల ఎక్కడనో దూరమున నున్న బంకునకే పోవలెనని అత్తయ్య నిశ్చయించినది.