ఆటోనగర్‌లో బండికి నాడి చూస్తారు

విజయవాడ బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డులో కాస్త ముందుకెళితే చాలు... సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మెరుపులు, డీజిలు వాసన ఎదురొస్తాయి. అదే జవహర్ ఆటోనగర్. ఓచోట లారీలకు బాడీలు కడతారు. మరోచోట కమాను కట్టలు సరిచేస్తారు. ఇంకోచోట పాత బండ్లను విప్పి ఏ భాగానికా భాగం అమ్మేస్తారు. ఏలూరు నుంచి వచ్చిన ఓ పాత అంబాసిడర్ వీటిలో ఎటు మళ్లాలన్నది ఆ ఉదయం తేలాలి.

కారు ఓ రిటైర్డ్ మాస్టారిది. ఊళ్లో తిరిగినంతసేపూ బాగానే ఉంటుంది. జాతీయ రహదారెక్కి ముల్లు 80కి చేరితే మాత్రం ఒకటే వణుకు. చక్రాలకు బ్యాలెన్సింగ్ చేయించారు. రెండు కొత్త టైర్లు వేయించారు. తగ్గలేదు. 'ఈ కార్ల తయారీయే 2014లో ఆగిపోయింది. తుక్కు కింద ఇచ్చేద్దాం నాన్నా' అంటాడు కొడుకు. మాస్టారు మాట్లాడరు.

మెకానిక్ బానెట్ ఎత్తలేదు. ముందు అడిగాడు.

'వణుకు చేతులకి తెలుస్తోందా, కూర్చున్నచోటా మాస్టారూ?'

'చేతులకేం లేదు. సీటు కిందే.'

'ఎక్స్‌లేటర్ వదిలేస్తే?'

'కాస్త తగ్గుతుంది.'

సగం రోగం అక్కడే తెలిసిపోయింది. స్టీరింగ్ వణికితే అనుమానం ముందు చక్రాల మీదికి పోవాలి. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కులు, డ్రమ్ములు చూడాలి. బండి ఆగి ఉన్నా, ఇంజిన్‌ని రేజ్ చేయగానే వణికితే ఇంజిన్ మౌంటింగులు చూడాలి. సీటు కింద తెలుస్తోందంటే వెనక చక్రాలో, ఇంజిన్ శక్తిని వాటికి అందించే పొడవాటి షాఫ్టో కారణం కావచ్చు.

వేగం పెరిగితేనే వణుకెందుకంటే... రిమ్ములో ఓ పక్క 30 గ్రాముల తేడా ఉన్నా, గంటకు 90 కిలోమీటర్ల వేగంలో అది మూడు కిలోలకు పైగా బలంతో చక్రాన్ని గుంజుతుంది. అదీ సెకనుకు సుమారు 12 సార్లు! రిమ్ము లోపల ఎండిన బురద చాలు ఆ తేడాకి.

మెకానిక్ కారు కిందికి దూరి షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పాడు. 'టక్' మంది. క్రాస్ జాయింట్ అరిగిపోయింది. అలాగే వదిలేస్తే ఏదో ఒకరోజు వేగంలో అది విరిగి షాఫ్టు రోడ్డు మీద పడేది. విప్పేముందు రెండువైపులా సుద్దతో గీతలు పెట్టుకున్నాడు. ఎలా ఉన్నది అలాగే బిగించకపోతే మళ్లీ వణుకే మరి. ఖర్చు... కొత్త టైర్లకు పెట్టినదాంట్లో కొద్ది భాగం.

ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ఈ పొడవాటి షాఫ్టు ఉండదు. ప్రశ్నలు మాత్రం అవే. ఎంత వేగంలో, ఎక్కడ, ఏం చేసినప్పుడు వణుకుతోందో రాసుకుని వెళితే మెకానిక్‌కి సగం పని తప్పుతుంది. టైరు వయసూ చూసుకోవాలి. దాని పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతివి సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం.

సాయంత్రం గన్నవరం దాటాక కొడుకు వేగం పెంచాడు. 60... 70... 80. సీటు కింద ఏ కదలికా లేదు.

'టైర్ల డబ్బు దండగ నాన్నా' అన్నాడు.

'ఎక్కడ వణుకుతోందని ముందే చూసుకోవాల్సింది' అన్నారు మాస్టారు.

తుక్కు మాట మళ్లీ ఎత్తలేదు ఇద్దరూ.