హాలీయా, కల్దారా?

మదీనా చౌరస్తా దగ్గర దివాన్ దేవ్డీ దర్వాజాలోంచి లోపలికి వెళ్తే ఇప్పుడు కనిపించేవన్నీ బట్టల మూటలే. పెట్టుపోతల చీరలకని వెళ్లి, బేరం కుదరక ఆ కమాను కింద నీడకు నిలబడ్డాను.

చిన్నప్పుడు నాన్న వేలు పట్టుకుని ఇందులోంచే వెళ్లాను. అప్పుడిది మ్యూజియం. 1951 డిసెంబరులో నెహ్రూ తెరిచినప్పటి నుంచి 1968లో మూసీ ఒడ్డున కొత్త భవనానికి మారేదాకా, హైదరాబాద్ దివాన్లు సాలార్‌జంగుల వస్తువులు వాళ్ల ఇంట్లోనే ఉండేవి. నాకు గుర్తున్నవి రెండే. ముసుగు రెబెక్కా బొమ్మ ముందు నాన్న వంగి, "అది బట్ట కాదురా, రాయే" అనడం. బయటికొచ్చాక నా చెప్పు ఒకటి దొరక్కపోవడం. గోడల నిండా పింగాణీ పళ్లేలు పొదిగిన చీనీఖానా, అద్దాల ఐనాఖానా ఆ ఇంట్లోవేనని పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. ఇల్లు పోయింది, దర్వాజాలు మిగిలాయి.

రెబెక్కాను 1876లో యూరప్ నుంచి తెచ్చింది మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీ ఖాన్. ఆ ప్రయాణం బొమ్మల కోసం కాదు, బేరార్ కోసం. 1853లో బేరార్‌ను కంపెనీకి అప్పగించిన నెలలోనే దివానుగా ఉన్న పినతండ్రి వరస పెద్దాయన సిరాజుల్ముల్క్ పోతే, ఇరవై నాలుగేళ్లకే ఆ గద్దె ఈయన మీద పడింది. ఖజానా ఖాళీ. తాలూకాల రాబడి అప్పులిచ్చినవాళ్ల గుప్పిట్లో, శిస్తు వసూలు గుత్తకు తీసుకున్న ఇజారాదార్ల చేతుల్లో. ముప్పై ఏళ్లు దివాన్‌గిరీ చేసి వాటిని ఒక్కొక్కటే విడిపించాడు. 1865లో రాజ్యాన్ని జిల్లాలుగా విడదీసే జిల్లాబందీ చేశాడు. దారుల్ ఉలూమ్ బడి పెట్టించాడు. ఆయన హయాంలోనే 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలొచ్చింది. బేరార్ మాత్రం తిరిగి రాలేదు.

1857లో ఆయన ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలిచాడు. వాళ్ల రెసిడెన్సీ మీద దాడికి వెళ్లిన తుర్రేబాజ్ ఖాన్‌ను తలుచుకుంటే నాకది ఇప్పటికీ మింగుడుపడదు. ఇంకోటి, పై దఫ్తర్లలో ఆయన పార్శీనే పట్టుకుని కూర్చున్నాడు. శిస్తు కట్టే తెలుగు రైతుకు తన కాగితంలో ఏముందో ఎవరో చదివి చెప్పాలి.

మా తాత పట్వారీ. దస్త్రం ఎర్రగుడ్డలో కట్టి దూలానికి వేలాడదీసేవాడు, చెదలకు భయపడి. ముడి విప్పితే గుప్పున పాత కాగితం వాసన. పహాణీ, జమాబందీ, గిర్దావర్, తహసీల్: అన్నం తింటూ కూడా ఆయన నోట ఆ దఫ్తర్ల మాటలే. ఇప్పుడా పట్వారీ కొలువే లేదు.

1883 ఫిబ్రవరిలో కలరా సోకి దివాన్ సాలార్‌జంగ్ ఒక్కరోజులోనే కన్నుమూశాడు.

ఆయన కాలంలో సర్కారు టంకశాలలో స్థిరపడిన హాలీ సిక్కా మాత్రం మా నాయనమ్మ దాకా నడిచింది. ఇంగ్లీషువాళ్ల రూపాయి కల్దార్, దానికన్నా హాలీకి విలువ తక్కువ. ఆ లెక్క ఆమె బుర్రలోంచి పోలేదు. హాలీ చెలామణీ ఆగిపోయిన ఎన్నో ఏళ్లకు కూడా, చేతిలో ఎవరు డబ్బు పెట్టినా, "హాలీయా, కల్దారా?" అని అడిగేది. ఆమె పోయాక చెక్కపెట్టెలో నాలుగు బిళ్లలు దొరికాయి. చార్మినార్ బొమ్మవి, అంటే సాలార్‌జంగ్ తర్వాతి కాలానివి. ఒకటి బాగా అరిగింది. మీనార్లు మూడే కనిపిస్తాయి.