నవ్వే ఫొటో



పోయిన దసరా సంచికలో ఈ గోడ మీదే నేను తీసిన ఒక ఫొటో అంటించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మెస్సు ముందర కాలు జారి పడి, చొక్కా నిండా చారు ఒలకబోసుకున్న నా స్నేహితుడి ఫొటో అది. వాడి పేరు రాయను, మీ అందరికీ తెలుసు. ఆ ఫొటో కింద నేను ఎర్రసిరాతో "చారు స్నానం" అని రాశాను. మూడు రోజులు ఈ గోడ దగ్గర జాతరే జాతర. చిన్న తరగతుల పిల్లలు కూడా వాణ్ణి చారు అని పిలిచారు. దసరా సెలవులైపోయి వచ్చిన వారానికి ఆ ఫొటో గోడ మీద నుంచి మాయమైంది. ఎవరు చించారని అప్పుడు చాలామంది అడిగారు. నేనే చించాను. ఎందుకు చించానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మన డ్రాయింగ్ సారు పోయిన జూన్ నుంచి ఆదివారాలు నలుగురికి ఫొటోలు తీయడం నేర్పిస్తున్నారు. ఆ నలుగురిలో నేనొకణ్ణి. సారు దగ్గర ఒక పాత డిజిటల్ కెమెరా ఉంది. కానీ మొదటి నెల రోజులు దాన్ని మా చేతికి ఇవ్వలేదు. దానికి బదులు రాయి పగిలిపోయిన ఒక పలక తెచ్చి, ఉత్త చెక్కచట్రం చేతిలో పెట్టారు. "ముందు దీంట్లో నుంచి చూడండిరా. ఏది లోపల ఉండాలో, ఏది బయట ఉండాలో తెలిస్తే సగం ఫొటో వచ్చినట్టే" అన్నారు.

మన మార్కాపురం పలకలకు పేరు పొందిన ఊరని మనందరం చదువుకున్నాం. ఇక్కడి భూమిలో రాయి పొరలు పొరలుగా ఉంటుంది. దాన్ని పల్చగా చీల్చి, కోసి, చుట్టూ చెక్క బిగిస్తే పలక. ఒకప్పుడు దేశమంతా పిల్లలు మన ఊరి రాయి మీదే అఆలు దిద్దారు. నోటుపుస్తకాలు వచ్చాక పలకల పని తగ్గిపోయింది. అట్లా మిగిలిన చట్రంలో నుంచి నేను నెల రోజులు వేపచెట్టును, బోరింగును, మెస్సు గోడను, వార్డెన్ సారు సైకిలును చూశాను. పిచ్చోడిలా తిరుగుతున్నాడని మీరు నవ్వారు కూడా.

కెమెరా ఇచ్చిన తర్వాత కూడా సారు ఒక నియమం పెట్టారు. పూర్వం ఫిల్ము రీలులో 36 ఫొటోలే వచ్చేవి. అందుకని మేము కూడా ఒక ఆదివారం 36 మాత్రమే తీయాలి. ముప్పై ఏడోది నొక్కితే కెమెరా వెనక్కి తీసుకుంటారు. నా స్నేహితుడు జారిపడ్డ రోజు నేను తీసినవి వరసగా తొమ్మిది. లేపడానికి నా చెయ్యి పోలేదు, బటన్ మీదికి పోయింది. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

దసరా సెలవులకు అందరం ఇళ్ళకు పోయాం. నేను గిద్దలూరు దగ్గర మా తండాకు పోయాను, వాడు దోర్నాల అవతల వాళ్ళ చెంచుగూడేనికి పోయాడు. సెలవులైపోయి అందరూ వచ్చారు గానీ వాడు రాలేదు. వారం చూశాం. వాడి ట్రంకుపెట్టె మంచం కింద అట్లాగే ఉంది. వార్డెన్ సారు కబురు పంపిస్తే, "బడికి పోనంటన్నాడు, గోడకేసి నవ్వినారంట" అని వాళ్ళ నాయన చెప్పి పంపాడు. ఆ సాయంత్రమే నేను ఫొటో చించాను. చించితే ఏమవుతుంది? అందరూ చూసేసిన ఫొటో కదా.

డ్రాయింగ్ సారు నన్ను తిట్టలేదు. లైబ్రరీ బీరువాలోంచి "బుడుగు" పుస్తకం తీసి ఇచ్చి, "ఇందులో బొమ్మలు చూడు. బాపు ఎవర్ని చూసి నవ్వించాడో కనుక్కొని రా" అన్నారు. మాటలు రాసింది ముళ్ళపూడి వెంకటరమణ గారు, బొమ్మలు వేసింది బాపు గారు.

బాపు గారి అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టారు. మద్రాసులో లా చదివారు కానీ బొమ్మలు వేయడంలోనే ఉండిపోయారు. కార్టూన్లు, కథలకు బొమ్మలు లెక్కలేనన్ని వేశారు. మనం పెళ్ళి శుభలేఖల మీద చూసే కొన్ని తెలుగు అక్షరాలకు కూడా ఆయన రాతే మూలం. 2013లో పద్మశ్రీ వచ్చింది. 2014 ఆగస్టు 31న చెన్నైలో కాలం చేశారు.

నేను ఆ పుస్తకాన్ని రెండు రాత్రులు స్టడీ అవర్ అయిపోయాక చూశాను. మొదట నవ్వుకుంటూ చూశాను. తర్వాత సారు అడిగిన ప్రశ్న గుర్తు పెట్టుకొని చూశాను. బుడుగు చిన్నవాడు, అల్లరివాడు, తన్నులు కూడా తింటాడు. అయినా ఏ బొమ్మలోనూ వాడు తలవంచుకొని ఉన్నట్టు నాకు అనిపించలేదు. వాడి నిలబడే తీరులోనే ఒక ధీమా ఉంటుంది. మనం వాణ్ణి చూసి నవ్వుతున్నామని అనుకుంటాం గానీ, నిజానికి వాడితో కలిసి పెద్దవాళ్ళను చూసి నవ్వుతుంటాం. ఆ పేజీ బుడుగు చేతికే ఇస్తే వాడు కూడా నవ్వుతాడు. నా ఫొటో నా స్నేహితుడి చేతికి ఇస్తే వాడు నవ్వుతాడా? ఇదీ తేడా.

ఇంకొకటి కూడా కనిపెట్టాను. బాపు గారు నాలుగు గీతలు గీసి మిగతా కాగితం ఖాళీగా వదిలేస్తారు. నా ఫొటోలో అయితే బకెట్టు, గంటె, కుక్క, పదిమంది కాళ్ళు, గోడ మీద నోటీసు, అన్నీ ఉన్నాయి. ఎక్కడ చూడాలో తెలీక జనం పడినవాడి మొహమే చూశారు.

ఈ రెండూ చెబితే సారు ఇంకో సంగతి చెప్పారు. బాపు గారు సినిమాలు కూడా తీశారు. మొదటిది 1967లో వచ్చిన "సాక్షి". సినిమా తీసే ముందు సీనులన్నీ బొమ్మలుగా వేసుకొనేవారట. ఎవరు ఎక్కడ నిలబడాలి, కెమెరా ఎక్కడుండాలి అన్నీ కాగితం మీదే తేలిపోయేవట. 1975లో వచ్చిన "ముత్యాలముగ్గు"కు కెమెరా పట్టిన ఇషాన్ ఆర్య గారికి జాతీయ అవార్డు వచ్చింది. "ముందు గీసుకో, ఆ తర్వాత నొక్కు" అన్నారు సారు.

నవంబరులో ఒక ఆదివారం వార్డెన్ సారు నన్ను కూడా వెంటబెట్టుకొని వాళ్ళ గూడేనికి బయల్దేరారు. నా సంచిలో సారు కెమెరా, ఆ ఉత్త పలక చట్రం, ఒక మంచి పలక, రెండు బలపాలు ఉన్నాయి. దోర్నాలలో బస్సు దిగాం. అక్కడి నుంచే శ్రీశైలం పోయే ఘాట్ రోడ్డు. ఆ రోడ్డు వదిలిపెట్టి అడవిలోకి నడిచాం. దారి పొడుగునా నాకు గుండె దడే.

వాడు గుడిసె ముందర కూచొని ఉన్నాడు. సారును చూసి లేచాడు, నన్ను చూసి లోపలికి పోయాడు. నా మెడలో కెమెరా చూసి వాళ్ళ తాత, "మళ్ళీ వచ్చినారా? ఉండు, విల్లు తెస్తా" అన్నాడు. నాకు అర్థం కాలేదు. తాతే చెప్పాడు. శ్రీశైలం పోయేవాళ్ళు అప్పుడప్పుడూ ఆగి ఫొటోలు తీసుకుంటారంట. చొక్కా విప్పమంటారు, విల్లు పట్టుకోమంటారు. నవ్వితే మాత్రం, "నవ్వొద్దు తాతా, సీరియస్‌గా ఉండు" అంటారు. "నేను నవ్వితే అడివి పారిపోతదా నాయనా?" అని తాత అడిగితే వార్డెన్ సారు కూడా నవ్వేశారు.

చెంచుల మీద హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశస్థుడు 1943లోనే ఫొటోలతో పెద్ద పుస్తకం అచ్చు వేయించాడని మన సోషల్ సారు చెప్పారు. అంటే ఎనభై ఏళ్ళకు పైగా ఎవరో ఒకరు వచ్చి వీళ్ళను ఫొటో తీస్తూనే ఉన్నారు. ఎట్లా కనపడాలో మాత్రం వచ్చినవాళ్ళే చెబుతున్నారు. మా తండాలో మా అవ్వకు కూడా ఇదే. అద్దాల రవికె చూసి గిద్దలూరు బస్టాండులో ఫోన్లు ఎత్తుతారు, పేరు మాత్రం అడగరు. అప్పుడు నాకు కోపం వచ్చేది. మరి నేను చేసిందేమిటి?

చాలాసేపటికి వాడు బయటికి వచ్చాడు. నేను తప్పయిందిరా అన్నాను. వాడు, "పడినదానికి కాదురా. ఆ రోజు వంటక్కకు చెయ్యి నొప్పిగా ఉంటే బకెట్టు నేను మోస్తన్నా. అది నువ్వు రాయలా. చారు స్నానం అని రాసినావు" అన్నాడు.

నాకు ఆ సంగతి తెలియనే తెలియదు. తొమ్మిది ఫొటోలు తీశాను గానీ, బకెట్టు నీ చేతికి ఎట్లా వచ్చిందిరా అని ఒక్క మాట అడగలేదు. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేక పలక తీశాను. తాతతో నవ్వే ఫొటో తీద్దామని ఉంది, ఎట్లా తీయాలో గీస్తాను చూడు అని బలపంతో గీశాను. తాత మధ్యలో, పక్కన కుక్క, వెనక గుడిసె. వాడు కాసేపు చూసి, ఉమ్మేసి తుడిచేశాడు! మళ్ళీ వాడే గీశాడు. గుడిసె తీసేశాడు. తాత చేతిలో విల్లు తీసేసి ఉత్త చట్రం పెట్టాడు. పక్కన తనను తాను గీసుకున్నాడు, విల్లును కెమెరాలాగా కంటికి పెట్టుకొని. అంటే ఫొటో తీసేది చెంచుపిల్లోడు, తీయించుకునేది తాత. మిగతా పలకంతా ఖాళీ. బాపు గారి పుస్తకం వాడు చూడలేదు. అయినా నాకు పట్టని సంగతి వాడికి తెలుసు.

అప్పటికి సాయంత్రం నాలుగు. ఎండ పక్క నుంచి పడుతోంది. నేను నేల మీద బోర్లా పడుకున్నాను, బుడుగు కళ్ళ ఎత్తు నుంచి చూడాలని. నవ్వేటప్పుడు తల కదులుతుంది కాబట్టి షట్టరు 250వ వంతు సెకనుకు పెట్టాను. వాడు విల్లు కంటికి పెట్టుకొని, గొంతు మార్చి, "నవ్వొద్దు తాతా! సీరియస్‌గా ఉండు!" అన్నాడు. తాత చట్రంలోంచి మొహం బయటికి పెట్టి ఉన్న మూడు పళ్ళతో నవ్వాడు. నేను నొక్కాను. ఆ రోజు మొత్తం పదకొండే తీశాను. ఈ కాగితం పక్కన అంటించింది అందులో ఏడోది. కింద రాసిన "సీరియస్" అనే పేరు కూడా వాడు పెట్టిందే, అక్షరాలు వాడివే.

వాడు ఆ రోజు మాతో రాలేదు. మేమిద్దరమే తిరిగి వచ్చాం. మార్కాపురంలో రెండు కాపీలు కడిగించి ఒకటి తాతకు పంపించాం. పది రోజుల తర్వాత వాళ్ళ నాయన వాణ్ణి తీసుకొచ్చి దింపిపోయాడు. తాత ఆ ఫొటోను గుడిసె నిట్రాటకు కట్టుకున్నాడంట. "ఎవుడ్రా ఈ ముసిలోడు, నాకంటే బాగుండాడు" అని వచ్చినవాళ్ళకల్లా చూపిస్తన్నాడంట.

వాడు ఇంకా నా బెంచీలో కూచోవడం లేదు. కానీ వెనక బెంచీ నుంచి పక్క బెంచీకి వచ్చాడు. ఆదివారం డ్రాయింగ్ సారు దగ్గరికి కూడా వస్తున్నాడు. ఇప్పుడు మేము ఐదుగురం.

మిత్రులారా, నవ్వించే ఫొటో తీయడం కష్టమేమీ కాదు, ఎవడో ఒకడు పడేదాకా కాచుకుంటే చాలు. తీయించుకున్నవాడు మనకంటే ముందు నవ్వేటట్టు తీయడమే కష్టం. అంచేత ఇక మీదట నేను తీసిన ఫొటో ఏదైనా ఈ గోడ ఎక్కేముందు అందులో ఉన్నవాళ్ళకు చూపిస్తాను. వాళ్ళు వద్దంటే అంటించను. మీలో ఎవరు తీసినా అదే పాటించమని నా మనవి.

ఇంకొక్క మాట. వంటక్కకు చెయ్యి నొప్పి ఇంకా తగ్గలేదు. ఇక బకెట్లు మోయడానికి రోజుకిద్దరం వంతులు వేసుకుందాం. మొదటి వంతు నాది. నేను జారిపడితే ఫొటో తీసుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు
తొమ్మిదవ తరగతి విద్యార్థి
సంక్రాంతి సంచిక