గవ్వ వంకరదే, పంపకం వంకర కాదు

నారాయణఖేడ్ హాస్టల్ నుంచి రాస్తున్నాం. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే.

మా తండా అన్న ఒకరు తన పాత ల్యాప్‌టాప్ పంపించిండు. ఉన్నది ఒక్కటి, ప్రాజెక్టుకు కావాల్సింది మా ఇద్దరికి. మొదటి నెల ఎవరి దగ్గర ఉండాలె? యాడి పాత కాంచళి నుంచి ఊడిన గవ్వ పెట్టెలో ఉంది, దాన్నే వేద్దామనుకున్నాం. కానీ గవ్వ రెండు దిక్కులా సమానంగా పడదని అష్టాచెమ్మా ఆడినోళ్లందరికీ తెలుసు. పదిసార్లు వేస్తే ఆరుసార్లు వెల్లకిలానే పడుతోంది. వెల్లకిలా ఎవరు కోరుకోవాలన్న దగ్గరే మాటా మాటా పెరిగింది.

అప్పుడు క్లాసులో విన్న ఉపాయం యాదికొచ్చింది. 1951లో జాన్ వాన్ నాయ్‌మన్ చెప్పింది. గవ్వను రెండేసిసార్లు వేయాలి. ముందు వెల్లకిలా, తర్వాత బోర్లా పడితే ఒకరిది. ముందు బోర్లా, తర్వాత వెల్లకిలా అయితే ఇంకొకరిది. రెండూ ఒకే తీరుగా పడితే లెక్కలోకి రాదు, మళ్లీ వేయాలి.

లెక్క చూడండి: 0.6 × 0.4 = 0.24, 0.4 × 0.6 కూడా 0.24. ఇద్దరికీ సమానం! వంద జతల్లో సుమారు 52 వృథా పోతాయి, న్యాయానికి అయ్యే ఖర్చు అదే.

ఒక షరతు ఉంది. ఒక ఏటుకు ఇంకో ఏటుతో సంబంధం ఉండొద్దు, వంకర మారొద్దు. వేసేవాడు ముందటి ఏటు చూసి చెయ్యి తిప్పితే ఉపాయం పనిచేయదు. అట్లా ముందటిదాన్ని బట్టి మారే మూలం ఒక్కటే ఉంటే, ఏ ఒక్క సూత్రం పెట్టినా సరిచేయలేమని 1986లో మిక్లోష్ శాంతా, ఉమేశ్ వజీరాణి చూపించారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూలాలుంటే మాత్రం, రెండూ వంకరవైనా, కలిపి మంచిది తీయొచ్చు.

ఇది ఆట ముచ్చట కాదు. మన ఫోన్ కూడా లోపలి పరికరాల సమయాల్లోని చిన్న చిన్న తేడాలను పోగేసి, కలిపి రుబ్బి, రహస్య తాళాలు చేస్తుంది. మన స్కాలర్‌షిప్ పైసలకు కాపలా ఆ తాళాలే. పోగు చాలకపోతే ఏమైతదో 2012లో పరిశోధకులు బయటపెట్టారు: ఇంటర్నెట్‌లోని వేల పరికరాల రహస్య తాళాలు వాళ్లకు దొరికిపోయినయి.

మా గవ్వ మూడో జతలో తేల్చింది. ఓడినోడు ఒక్క మాట అనలే. గెలిచినోడు రాత్రిళ్లు ల్యాప్‌టాప్ వాడికే ఇస్తుండు.

మీ హాస్టల్‌లో పంపకం గొడవైతే రెండేసిసార్లు వేసి చూడండి.