వెనుక దీపం

మొన్న రాత్రి మా అత్యవసర విభాగానికి కరీంనగర్ కుర్రవాడొకడు కాలు విరిగి వచ్చాడు. దోహాలో మోటారు సైకిలు మీద ఇంటింటికీ భోజనం చేరవేస్తాడు. బ్రేకు వేస్తే వెనుక కారు గుద్దింది.

"లైటు ఎలుగుతది సారూ, పాత బల్బు. మీద దుమ్ము పట్టింది, గంతే" అన్నాడు.

తీగబల్బు వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదోవంతు పడుతుంది, ఎల్.ఇ.డి. తక్షణం వెలుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆలోగా 4 మీటర్లకు పైగా ముందుకు వచ్చేస్తుంది. ఎముక అతికించగలం గాని, ఆ 4 మీటర్లు తిరిగి ఇవ్వలేము గదా!

మర్నాడు మా యింటికీ భోజనం అలాగే వచ్చింది. పొట్లం అందుకొని, క్రిందికి దిగి, అతని బండి వెనుక దీపం తడిగుడ్డతో తుడిచాము. మీరూ తుడవరూ?